హారం చెప్పని లెక్కలు

అక్రమ వలసల మీద మన చర్చలన్నీ కోట్లలోనే మొదలవుతాయి. దేశంలో 1.20 కోట్ల మంది అక్రమ బంగ్లాదేశీయులున్నారని 2004 జులైలో అప్పటి హోంశాఖ సహాయమంత్రి శ్రీప్రకాశ్ జైస్వాల్ పార్లమెంటుకు చెప్పారు. ఆ లెక్క నమ్మదగినది కాదని కొద్ది రోజులకే ఆయనే సర్దుకున్నారు. 2016 నవంబరులో కిరణ్ రిజిజు చెప్పిన అంకె 2 కోట్లు. ఆధారం అడిగితే ‘అందుబాటులో ఉన్న సమాచారం’. సరిహద్దు భద్రతకు ప్రణాళిక వేసేది ఇలాంటి అంకెల మీదేనా?

మనుషులను నిజంగా ఒక్కొక్కరిగా లెక్కపెట్టింది అస్సాంలో. 3.30 కోట్ల మంది దరఖాస్తు చేసుకుంటే, 2019 ఆగస్టు 31న వెలువడిన జాతీయ పౌర పట్టికలో 19,06,657 మంది పేర్లు లేవు. పేరు లేనంత మాత్రాన విదేశీయుడు కాదు. విదేశీయుల ట్రిబ్యునల్‌కు వెళ్లి అప్పీలు చేసుకోవచ్చు. కానీ అందుకు కావలసిన తిరస్కరణ పత్రాలే వారి చేతికి రాలేదు. అంటే వారు ఇటూ కారు, అటూ కారు.

ట్రిబ్యునళ్ల లెక్క ఇంకా ఆలోచించదగ్గది. 2019 మార్చి నాటికి అవి విదేశీయులుగా ప్రకటించినవారు సుమారు 1.17 లక్షలు. పార్లమెంటుకు ఇచ్చిన సమాధానం ప్రకారం, 1985 నుంచి 2019 ఫిబ్రవరి దాకా 63,959 మంది మీద వచ్చినవి ఏకపక్ష తీర్పులు. మనిషి బోనులోకి రాకుండానే సగానికి పైగా కేసులు తేలిపోయాయన్నమాట. నోటీసు అందిందా, అందినా చదవగలిగారా అన్న ప్రశ్నకు ఏ పట్టికలోనూ గడి లేదు. పౌరుణ్నని నిరూపించుకునే భారం మనిషి మీదే పెట్టిన చట్టంలో ఇది చిన్న విషయం కాదు. 2012లో ఏకపక్షంగా విదేశీయుడిగా ముద్రపడిన నల్బారి వాసిని 2024 జులైలో సుప్రీంకోర్టు భారతీయుడిగా తేల్చింది. పేర్ల అక్షరాల్లో, తేదీల్లో చిన్న తేడాలు పౌరసత్వాన్ని తీసేయడానికి చాలవంది. అలాంటివారు ఇంకెందరు?

ఉపా చట్టం లెక్కలదీ అదే దారి. 2016–20 మధ్య నిందితులు 24,134 మంది, శిక్ష పడినవారు 212, విడుదలైనవారు 386. ఒక శాతం కూడా శిక్ష పడలేదని ఒకరంటారు. అది తప్పు లెక్క: ఆ ఏళ్లలో తీర్పు వచ్చినవాటిలో పాత కేసులూ ఉండవచ్చు. తేలినవారిని మాత్రమే హారంగా తీసుకుంటే శిక్షలు 35 శాతం. తేలనివారు ఎంతకాలంగా జైల్లో ఉన్నారన్నది మాత్రం ఏ శాతంలోనూ కనిపించదు.

ట్రిబ్యునల్ వారీగా, జిల్లా వారీగా ఏకపక్ష తీర్పులెన్ని, పైకోర్టుల్లో కొట్టేసినవెన్ని, వాస్తవంగా సరిహద్దు దాటించినవారెందరు? ఈ మూడు గడులున్న పట్టికను హోంశాఖ ఏటా పార్లమెంటు ముందు పెట్టాలి. అందుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ఆ వివరాలు ట్రిబ్యునళ్లలో, కోర్టు ఫైళ్లలోనే ఉన్నాయి.