ఫారం నింపే పిల్లలు ప్రశ్న అడిగేదెప్పుడు?

2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు రాష్ట్రమంతా ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు. ఆ రోజుల్లో మన ఇళ్లల్లో ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. దాదీ పేరు ఆధార్‌లో ఎట్లుంది, రేషన్ కార్డు నంబరు ఎంత, గ్యాస్ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంది? ఇవన్నీ వెతికి ఫారం నింపింది ఎవరు? చాలా ఇళ్లల్లో తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలే. ఉర్దూ మాట్లాడతారు గానీ తెలుగు చదవడం రాని పెద్దలు నల్లగొండ, మహబూబ్‌నగర్ మొహల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు. అట్లాంటి ఇంటికి ప్రభుత్వ ఆఫీసుతో ఉన్న సంబంధమంతా ఆ పిల్లల చేతిరాత మీదే నడుస్తోంది.

దాన్ని మనం 'చిన్న సాయం' అనుకున్నాం. నాయకత్వం అంటే మనకు గుర్తొచ్చేది స్కూల్లో ఎస్పీఎల్ బ్యాడ్జి. కానీ చాలా స్కూళ్లలో ఆ బ్యాడ్జి పెట్టుకున్న పిల్లాడు చేసే పనేంటి? ప్రార్థన దగ్గర వరుసలు సరిచేయడం, టీచర్ లేనప్పుడు అల్లరి చేసినోళ్ల పేర్లు బోర్డు మీద రాయడం. పెద్దల మాట చిన్నోళ్లకు చేరవేయడం అక్కడ నేర్పుతున్నారు. చిన్నోళ్ల మాట పెద్దలకు చేరవేయడం ఎవరు నేర్పుతారు?

ఇది ఊరికే అడుగుతున్న ప్రశ్న కాదు. నల్లగొండకు దీంట్లో ఒక చేదు జ్ఞాపకం ఉంది. 2003లో జల సాధన సమితి నాయకుడు దుశ్చర్ల సత్యనారాయణ, మర్రిగూడ మండలం శివన్నగూడెంకు చెందిన అంశాల స్వామిని ఢిల్లీకి తీసుకెళ్లి ప్రధాని వాజ్‌పేయి ముందు టేబుల్ మీద పడుకోబెట్టారు.  ఫ్లోరైడ్ నీళ్లకు వంకర్లు పోయిన ఒళ్లే మా జిల్లా అర్జీ అన్నట్టు ఆ దృశ్యం దేశాన్ని కదిలించింది. స్వామి తర్వాత కూడా ఆ పోరాటానికి గుర్తుగా నిలిచి, 2023 జనవరిలో చనిపోయారు.

ఆ తరంలో పిల్లాడు సాక్ష్యంగా మిగిలాడు. ఈ తరంలో పిల్లలు ప్రశ్న అడిగేవాళ్లు కావచ్చు. తాగే నీళ్లల్లో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని తొమ్మిదో తరగతి విద్యార్థికి చెబితే అర్థమవుతుంది. "మా వీధి కుళాయి నీళ్లు చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? ఫలితం ఎంత?" అని పంచాయతీని అడగడానికి ఢిల్లీ పోనక్కర్లేదు.

అడిగే దారులు ఉన్నాయి. 2005 సమాచార హక్కు చట్టం 'పౌరులందరికీ' అంటుంది, వయసు షరతు పెట్టలేదు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కలెక్టరేట్‌లో ప్రతి సోమవారం ప్రజావాణి ఉంటుంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. ఓటు లేని పిల్లలు అందులో సభ్యులు కారు. కానీ అబ్బా వెంట వెళ్లి పక్కన కూర్చుంటే, సర్పంచ్ ఏం చెప్తున్నారో, సెక్రటరీ ఏం రాసుకుంటున్నారో తెలుస్తుంది. 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష. నానీ చెప్పిన సమస్యను ఉర్దూలోనే రాసి ఇచ్చే పిల్ల కూడా ఆ చట్టాన్ని బతికిస్తున్నట్టే.

స్కూల్ లోపల కూడా అవకాశాలున్నాయి. పార్లమెంటరీ వ్యవహారాల శాఖ నడిపే జాతీయ యువ పార్లమెంటు పథకంలో 9 నుంచి 12వ తరగతి వాళ్లకు 'కిశోర సభ' ఉంది. గుర్తింపు ఉన్న స్కూళ్లు చేరొచ్చు. మీ హెడ్మాస్టర్ గారిని అడిగి చూడండి. ఎన్‌సీసీ జూనియర్ విభాగంలోనూ చేరొచ్చు.

గురుకులాల సంగతి ఇంకా దగ్గరిది. 2016లో 71 స్కూళ్లతో మొదలైన మైనారిటీ గురుకులాలు తర్వాత 204కి పెరిగాయి. 2024లో ప్రభుత్వం డైట్ ఛార్జీలు 40 శాతం పెంచి, అన్ని హాస్టళ్లకు ఒకే మెనూ ప్రకటించింది. మెనూ గోడ మీద ఉంటుంది. ప్లేటులో ఉందో లేదో చెప్పాల్సింది తినే పిల్లలే. వారానికోసారి ఆ లెక్క రాసి మెస్ కమిటీలో చదివే అమ్మాయి, ఏ బ్యాడ్జీ లేకపోయినా లీడరే.

ఇక్కడ తల్లిదండ్రుల భయం గురించి మాట్లాడాలి. "రాజకీయాలు మనకెందుకు బేటా, చదువుకో" అని మనం అంటాం. ఆ భయానికి కారణాలు లేకపోలేదు. ఆలోచించకుండా ఫార్వర్డ్ చేసిన ఒక్క మెసేజ్ పిల్లాడి భవిష్యత్తును చిక్కుల్లో పెట్టే కాలమిది. అందుకే తేడా నేర్పాలి. పేరు, తేదీ, సంతకం పెట్టి, రసీదు తీసుకుని అడిగే ప్రశ్న చట్టం ఇచ్చిన దారి. ఎవరు రాశారో తెలియని ఫార్వర్డ్ ఆ దారి కాదు. మనం రెండింటినీ కలిపి 'రాజకీయం' అని మూసేస్తే, పిల్లలకు చివరికి మిగిలేది ఫోన్ ఒక్కటే.

మౌనానికి ఎంత ఖరీదో బీహార్ చూపించింది. 2025లో అక్కడ ఓటరు జాబితా ప్రత్యేక సవరణ జరిగినప్పుడు, ముసాయిదాలో సుమారు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. మొదట అంగీకరించిన 11 పత్రాల్లో మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్ ఒకటి. ఇప్పుడు మన ఇళ్లల్లో చూడండి. ఒక కార్డులో 'ఎండీ', ఇంకోదాంట్లో 'మహమ్మద్', మరోదాంట్లో 'మొహమ్మద్'. ఒకచోట 'బేగం', ఇంకోచోట 'బీ'. పదో తరగతి మెమోలో పడే పేరు జీవితాంతం వెంట వస్తుంది. స్కూల్ నుంచి నామినల్ రోల్ వెళ్లేముందే మీ అమ్మాయి, అబ్బాయి తమ పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. ఇంట్లో అందరి కార్డులు పక్కపక్కన పెట్టి తేడాలు రాసిపెట్టే పని కూడా వాళ్లకే అప్పజెప్పండి. పౌరసత్వ పాఠం దీనికన్నా దగ్గరగా ఇంకెక్కడా దొరకదు.

తర్వాత మెట్టు ఓటు. 17 దాటినవాళ్లు ముందుగానే ఫారం 6 ఇవ్వొచ్చు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో ఏదో ఒకదానికి 18 నిండితే చాలు. ఇంటర్ కుర్రాళ్లు మళ్లీ ఎన్నికలొచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు.

చివరిగా ఒక చిన్న లెక్క. మన పంచాయతీ ఎన్నికలు 2025 డిసెంబరులో మూడు విడతల్లో జరిగాయి. పంచాయతీ పదవీకాలం ఐదేళ్లు. పోటీ చేయడానికి కనీస వయసు 21. అంటే ఆ ఎన్నికల నాటికి 16 నిండిన పదో తరగతి విద్యార్థి, వచ్చే ఎన్నికల నాటికి వార్డు మెంబరుగానో సర్పంచ్‌గానో నిలబడొచ్చు. స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. ఆ సీటు వచ్చినప్పుడు అమ్మీ పేరు మీద నామినేషన్ వేసి, ఆఫీసుకు మాత్రం మామూ పోయే పద్ధతి నడవకూడదంటే, ఆ అమ్మాయి ఇప్పటి నుంచే గ్రామసభ చూడాలి.

ఈ నెల మీ ఇంట్లో పిల్లలతో ఒక్క ప్రశ్న రాయించండి. కుళాయి, డ్రైనేజీ, వీధి దీపం, ఏదైనా సరే. సంతకం వాళ్లదే ఉండనివ్వండి. పంచాయతీ ఆఫీసుకో వార్డు ఆఫీసుకో వాళ్ల వెంట మీరూ వెళ్లండి. కానీ మాట్లాడటం మాత్రం వాళ్లకే వదిలేయండి.