మన రక్తం సంగతి మనమే చదవాలి



మన గూడేల్లో పిల్లలు ఒళ్లు నొప్పులని ఏడిస్తే గాలి సోకిందంటారు. కొందరికి అది సికిల్ సెల్ జబ్బు. రక్తంలో హిమోగ్లోబిన్ అనే మాంసకృత్తు ఉంటది. అందులో ఒకచోట ఒక్క అమైనో ఆమ్లం మారితే ఎర్రకణాలు కొడవలి లెక్క వంగి, సన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటయి. అందుకే నొప్పి. ఇది హిమోగ్లోబిన్ లోపమని 1949లో పౌలింగ్, ఆయన తోటి శాస్త్రవేత్తలు కనిపెట్టారు. జీవరసాయన శాస్త్రం గొప్పతనం అదే.

ఈ జబ్బు అంటుకోదు. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. మరి ఒక్క తల్లినే తిట్టుడు ఏం న్యాయం?

హాస్టల్లో అందరికీ రక్త పరీక్ష చేయించాలి. జబ్బు ఉన్నవాళ్లను ఎగతాళి చెయ్యొద్దు. మనలో కొందరైనా బయోకెమిస్ట్రీ చదవాలి. అప్పుడు మన అవ్వలకు మన భాషలోనే చెప్పగలం.

– 9వ తరగతి విద్యార్థిని