తెర నల్లబడితే కంగారు వద్దు

మిక్సీ ఆగిపోతే మనమేం చేస్తాం? ప్లగ్గు చూస్తాం, అడుగునున్న ఎర్ర బటన్ నొక్కి చూస్తాం. అప్పటికీ తిరక్కపోతేనే షాపుకు పంపిస్తాం. అదే ల్యాప్‌టాప్ అయితే మాత్రం ముందే చేతులెత్తేస్తాం. నేనూ కిందటి వేసవి దాకా అంతే.

మా అమ్మాయి ఇంటర్ పాసైంది. తెలంగాణలో డిగ్రీ సీట్ల కోసం 2016 నుంచి ‘దోస్త్’ ఉంది కదా, అందులో కాలేజీల ఆప్షన్లు పెట్టడానికి ఆ రోజే ఆఖరు. చీకటి పడ్డాక, "అమ్మా, స్క్రీన్ నల్లగైంది. ఏం కనిపిస్తలేదు" అంటూ ఏడుపు మొహంతో వచ్చింది. కరీంనగర్‌లో మాకు తెలిసిన మీసేవ అప్పటికే మూసేశారు. "ఏడ్వకు బిడ్డా, చూద్దాం" అని మా మరిది కొడుక్కి ఫోన్ చేశాను. అతను చెప్పినవే మీకూ చెబుతున్నాను.

మొదట చార్జర్ సరిగ్గా ఉందో లేదో చూడండి. తర్వాత క్యాప్స్ లాక్ నొక్కండి. దాని చిన్న లైటు వెలిగి ఆరితే మిషన్ బతికే ఉన్నట్టు, తప్పు తెరదే కావచ్చు. వెలుతురు పెంచే బటన్ నొక్కండి. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ ఒకేసారి నొక్కండి. ఏ లైటూ పలక్కపోతే చార్జర్ తీసేసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపట్టి, మళ్ళీ చార్జర్ పెట్టి ఆన్ చేయండి.

మాకు ఇవేవీ పనిచేయలేదు. ఫోన్ టార్చి తెర మీద ఏటవాలుగా వేస్తే బొమ్మ లీలగా కనిపించింది. అంటే బొమ్మ ఉంది, వెనక వెలుతురే లేదు! టీవీకి హెచ్‌డీఎంఐ వైరు తగిలించి, విండోస్‌తో పాటు పి నొక్కుతూ చూస్తే టీవీలో అంతా కనిపించింది. టీవీ ముందు కూర్చునే ఆప్షన్లన్నీ పెట్టేసింది మా పిల్ల!

మర్నాడు షాపులో "తెర మొత్తం మార్చాలి" అన్నారు. టార్చి సంగతి చెప్పాక విప్పి చూశారు. మడత దగ్గరి వైరు వదులైందట. బిగించేసరికి వెలిగింది!

మన కరీంనగర్, ఆదిలాబాద్ ఎండలు 45 డిగ్రీలు దాటుతాయి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద, బొంత మీద పెట్టకండి, గాలి ఆడక వేడెక్కుతుంది. తెరను ఒక మూల పట్టుకుని లాగకండి. పిల్లల సర్టిఫికెట్లు, ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ దాచుకోండి.

ఖరాబైందని చెప్పడం కాదు, ఏది ఖరాబైందో చెప్పగలిగితే డబ్బూ మిగులుతుంది, మర్యాదా దక్కుతుంది. ఏమంటారు?