బస్సుకు తెలివి నేర్పుట

నిజాము రాష్ట్రపు రైలు, రోడ్డు రవాణా శాఖవారు 1932లో బస్సులు ప్రారంభించిననాడు వారి చేతనున్నవి 27 మాత్రమే గనుక, ఏ బండి ఏ తావున నిలిచినదో తెలిసికొనుటకు అధికారికి ఉపగ్రహముల సాయము అక్కరలేకపోయెను. నేటి తెలంగాణ, ఆంధ్ర ఆర్టీసీలు రెండును వేలకొలది బస్సులను నడుపుచున్నవి. యంత్రసహాయము లేనిదే ఇంత సంసారము సాగదనుట నిర్వివాదము. నాకుగల వివాదమెల్ల క్రమమును గూర్చియే: ఆ యంత్రమును చూచి ఎవరు ఏ పనిని వేఱుగా చేయుదురో నిశ్చయించుకొనక మునుపే టెండరు పిలుచు పద్ధతి నాకు సమ్మతము కాదు.

మన బస్సులలోనికి వచ్చిన యంత్రములలో నిస్సంశయముగా ఫలించినది, ఎవరును తెలివైనదని పొగడనిది, కండక్టరు చేతి టిక్కెట్టు యంత్రము, టిమ్. రంగురంగుల టిక్కెట్టు కట్టలను ట్రేలో పేర్చుకొని, కదలు బండిలో కమ్మికి ఆనుకొని టిక్కెట్టుకు చిల్లు పొడిచి, స్టేజి స్టేజికిని నంబరులను ఎస్సార్ అను లెక్కల కాగితముపై ఎక్కించుకొనుచు, ఇయ్యవలసిన చిల్లరను టిక్కెట్టు వెనుక గీకి యిచ్చుచుండిన ఆ మనిషి బాధలలో, చిల్లర బాధ తక్క తక్కినవానినెల్ల ఆ చిన్న యంత్రము తనపై వేసికొన్నది. చేయుచున్న పనిని తేలిక చేసినదే గాని క్రొత్త పనిని తెచ్చిపెట్టలేదు. కాబట్టియే దానిని ఎవరును మూలబెట్టలేదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో స్త్రీలకు ఉచిత ప్రయాణము మొదలైన పిదప, రూపాయలు లెక్కించుటకు పుట్టిన ఆ యంత్రమే జీరో టిక్కెట్టు కొట్టి మనుష్యులను లెక్కింప నారంభించెను. ప్రభుత్వము సంస్థకు తీర్పవలసిన బాకీకి ఆ సున్నలే ఆధారము. సున్నలకింత విలువ వచ్చుట లెక్కల చరిత్రలో అరుదే.

బండి జాడ తెలుపు యంత్రముల కథ వేఱు. ‘గమ్యం’ వంటి యాప్‌లలో బస్సు ఎంత దూరములో నున్నదో ప్రయాణికునకు కనబడుట మేలే. కాని ఆలస్యము తెలియుటయు, ఆలస్యము తగ్గుటయు ఒకటి కావు. అరగంట జాడలేని సిటీ బస్సులు తీరా మూడు జతగూడి వచ్చుట నగరవాసి యెఱుగని వింత కాదు. స్టాపులో నిలిచినవారు డ్రైవర్లను శపింతురు గాని, 1964లోనే న్యూవెల్, పాట్స్ అను శాస్త్రజ్ఞులు ఈ వైపరీత్యమును గణితముతో వివరించిరి: ముందు బస్సు ఒకింత వెనుకబడగనే ప్రతి స్టాపులోను దానికొఱకు నిలిచిన జనము పెరుగును, వారిని ఎక్కించుకొనుటకు కాలము పట్టి అది మఱింత వెనుకబడును, జనము పలుచబడిన స్టాపులను చులకనగా దాటుచు వెనుక బస్సు దానిని వచ్చి కలియును. దీనికి తెలిసిన మందు, ఆ వెనుక బస్సును దారిలో కొన్ని నిమిషములు నిలుపుట. తెరపై మూడు చుక్కలు ఒక్కచోట చేరుచున్నవని కంట్రోలరు చూడగలడు. కాని నిలుపుమని ఆజ్ఞాపించు అధికారము ఆయనకున్నదా? ట్రిప్పు తప్పినను, కిలోమీటర్లు తగ్గినను సంజాయిషీ చెప్పుకొనవలసిన డిపో మేనేజరు దానికి ఒప్పునా? డ్యూటీ దిగు వేళ దాటిపోయిన డ్రైవరునకు ఓటీ ఎవరిత్తురు? ఈ ప్రశ్నల సమాధానములను ఏ కంపెనీయు పెట్టెలో పెట్టి పంపదు.

క్రమము తప్పినచో ఏమగునో పరదేశముల అనుభవమే చెప్పును. సిడ్నీలో 2000 ఒలింపిక్ క్రీడల నాటికి సిద్ధము చేయదలచిన టీకార్డు అను టిక్కెట్టు కార్డు పథకమును అచ్చటి ప్రభుత్వము 2008లో రద్దుచేసికొనవలసి వచ్చెను. చిక్కుపడిన ఛార్జీల పట్టికను సరళము చేయకయే, ఆ చిక్కులన్నిటిని కార్డుచేత మోయింపబూనుట అందులకొక కారణము. లండనువారు మాత్రము 2003లో ఆయిస్టరు అను టిక్కెట్టు కార్డు తెచ్చి, బ్యాంకు కార్డునే తాకించి ప్రయాణించు సదుపాయమును 2012లో మొదట బస్సులలో మాత్రమే పెట్టిరి. ఎంత దూరమునకైనను బస్సుకు ఒకే ఛార్జీ యగుటచే అచ్చట పొరపాటునకు తావు తక్కువ. భూగర్భ రైళ్ళ వంతు 2014లో గాని రాలేదు.

మన నగరములకు వచ్చుచున్న విద్యుత్ బస్సులతో ఈ విషయము మఱింత బిగువెక్కినది. వీనిలో చాలవఱకు ప్రైవేటు సంస్థలవి. ఆ సంస్థలకు ఆర్టీసీ కిలోమీటరుకింత యని చెల్లించును. బండి ఎంత తిరిగెనో చెప్పు పరికరము ఇచ్చట ప్రయాణికుని సౌకర్యము మాత్రమే కాదు, ఖజానా తాళపుచెవి. దానిని అద్దె పుచ్చుకొనువారి మొలకే కట్టిపెట్టుట వివేకము కాదు. ఆ సమాచారము ఆర్టీసీ సొత్తుగా, రేపు మఱియొక కంపెనీ వచ్చినను చదువగల రూపములో నుండవలెను. అమర్చిన పెట్టెలను గాక, నెలనెలా పనిచేసిన పెట్టెలను లెక్కించి సొమ్మియ్యవలెను. ఒక డిపోలో ఒక వానకాలము గడపిన పిదపనే తక్కిన డిపోల మాట. కంట్రోలరు బస్సును నిలుపవచ్చునను ఉత్తరువు మాత్రము టెండరు కంటె ముందే వెలువడుట మంచిది; దాని ఖర్చు కొన్ని గంటల ఓటీ.