ఆలు లేదు చూలు లేదు, తుపాకీకి మజిల్ బ్రేక్!

అమెరికాలో ఉన్న మన కుర్రాళ్లకి ఒకప్పుడు కెమెరా పిచ్చి ఉండేది, తర్వాత కారు పిచ్చి వచ్చింది. ఇప్పుడు కొందరికి రైఫిలు పిచ్చి పట్టుకుంది. వీకెండు వస్తే షూటింగు రేంజి, చేతిలో ఏఆర్-15, నల్ల కళ్లద్దాలు, ఒక ఫోటో. దానికింద నూటయాభై లైకులు. ఎవరి సరదా వాళ్లది, కాదనడానికి నేనెవర్ని? కానీ ఈ సరదాలో జనం దేని గురించి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నారో, దేని గురించి అసలు ఆలోచించడం లేదో చూస్తే భయమేస్తోంది. అందుకే ఈ టపా.

డల్లాసులో ఉండే స్నేహితుడొకడు ఈమధ్య ఫోన్లో అడిగాడు. "ఒరే, నువ్వు మెకానికల్ కదా, సెమీ ఆటోమేటిక్ రైఫిలుకి ఏ మజిల్ బ్రేక్ మంచిదో చెప్పరా" అని. (నేను మెకానికల్ చదివిన మాట నిజమే. చేసేది జావా. మన దేశంలో ఇది మామూలే కదా :-) ) రైఫిలు కొన్నావా అంటే ఇంకా లేదు, షార్ట్‌లిస్టు చేస్తున్నానన్నాడు. టైటిల్ అందుకే అలా పెట్టాను.

సరే, ముందు ఇంజనీరింగు సంగతి చూద్దాం. మజిల్ బ్రేక్ అంటే గొట్టం చివర బిగించే చిన్న ఇనప ముక్క. దాని పక్కల చిల్లులుంటాయి. తూటా బయటికొచ్చాక దాని వెనకే మందు కాలిన వాయువు దూసుకొస్తుంది. ఆ వాయువుని ముందుకి పోనివ్వకుండా పక్కలకి, కొంచెం వెనక్కి మళ్లిస్తే రైఫిలు ముందుకి లాగినట్టవుతుంది, భుజం మీద తన్ను తగ్గుతుంది. న్యూటన్ మూడో సూత్రం, ఇంటర్మీడియట్ ఫిజిక్సే. చిల్లులు పైకి ఉంటే దాన్ని కాంపెన్సేటర్ అంటారు, అది గొట్టం పైకి లేవకుండా చూస్తుంది. ఫ్లాష్ హైడర్ పని వేరే. అది మంటని చెదరగొడుతుందే తప్ప తన్నుని పెద్దగా తగ్గించదు.

ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఒకటుంది. బ్రేక్ ఏం చేసినా వాయువు వాటానే తగ్గించగలదు, తూటా వాటాని కాదు. ఏఆర్-15లో వాడే మామూలు .223 తూటా బరువు సుమారు 3.6 గ్రాములు, మందు గ్రామున్నర పైచిలుకు. అసలే చిన్న తూటా, దాని తన్నే తక్కువ. .308 రైఫిలు తన్నే శక్తిలో ఇది అందాజుగా నాలుగో వంతు. అంటే ఏఆర్-15కి బ్రేక్ పెట్టడమంటే స్కూటీకి ఏబీఎస్ పెట్టించుకోవడం లాంటిది. పోటీల్లో క్షణాల మీద వరసగా కాల్చేవాడికి దానితో పని ఉంది. నెలకోసారి రేంజికెళ్లి యాభై రౌండ్లు కాల్చే మనవాడికి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పంజరంలాంటి ఫ్లాష్ హైడరే ఎక్కువ.

పైగా ఇది ఊరికే రాదు. ముందుకి పోవాల్సిన శబ్దాన్ని పక్కలకి, వెనక్కి తిప్పుతుంది కదా, మరి పక్క లేనులో నిలబడ్డవాడి సంగతో? మామూలుగానే ఈ రైఫిలు చప్పుడు 160 డెసిబెళ్లు దాటుతుంది. ఒక్కసారి వినిపించే చప్పుడుకి కూడా 140 దాటితే చెవికి ప్రమాదమంటారు. దాని మీద బ్రేక్ ఇంకొన్ని డెసిబెళ్లు కలుపుతుంది. పైన కప్పున్న రేంజిలో పక్కవాడి మొహం మీద చెంపదెబ్బ కొట్టినట్టుంటుంది. మన భుజం సుఖం కోసం పక్కవాడి చెవులు తాకట్టు పెట్టడం! మీటింగులో మనం మ్యూట్ చేసుకోకుండా అందరికీ మిక్సీ చప్పుడు వినిపించినట్టు. బ్రేక్ పెట్టినా పెట్టకపోయినా చెవిలో ప్లగ్గులు, పైన మఫ్‌లు, రెండూ ఉండాల్సిందే.

బిగించడం కూడా బల్బు పెట్టినంత తేలిక కాదు. .223 గొట్టాలకి సాధారణంగా అరంగుళం మర, అంగుళానికి 28 చుట్లు. .308కి అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు, 24 చుట్లు. ఏకే రకాల్లో చాలావాటికి ఎడమ మర. ముందు మ్యాగజైన్ తీసి, చాంబరు ఖాళీయో కాదో కంటితో చూసి, వేలు పెట్టి కూడా చూసుకోవాలి. తుపాకీ ఒంటిని వైసులో బిగించి గొట్టం చివర స్పానరేస్తే ఆ మెలి అంతా లోపలున్న చిన్న పిన్ను మీద పడుతుంది. అందుకే గొట్టాన్నే పట్టుకునే క్లాంపు వాడతారు. నలిగి బిగిసే వాషరు ఒకసారి వాడితే అంతే, మళ్లీ పనికిరాదు. చిల్లులు రెండు పక్కలా సమంగా ఉండాలి, తూటా దారికి ముక్క ఎక్కడా తగలకూడదు. యూట్యూబు చూసి చేసేయొచ్చనుకునేవాళ్లకి నా సలహా ఒకటే, గన్‌స్మిత్‌కి కొంత డబ్బిచ్చి చేయించుకోండి. ప్రొడక్షన్ సర్వరు మీద ప్రయోగాలు చేయం కదా.

ఇక ఈ ముక్క చుట్టూ ఉన్న చట్టాల కథ మనవాళ్లకి భలే నచ్చుతుంది. 1994లో అమెరికా ఫెడరల్ ప్రభుత్వం తెచ్చిన నిషేధం (2004లో గడువు తీరింది) ఫ్లాష్ హైడర్‌ని జాబితాలో పెట్టింది, మజిల్ బ్రేక్‌ని పెట్టలేదు. దాంతో కంపెనీలు ఒకటి తీసి ఇంకొకటి బిగించి అమ్ముకున్నాయి. స్పెసిఫికేషన్లో లొసుగు దొరికితే మనం చేసేదీ అదేగా. 2013 జనవరిలో న్యూయార్కు రాష్ట్రం సేఫ్ యాక్ట్ తెచ్చి బ్రేక్‌ని కూడా జాబితాలో చేర్చింది. కాకపోతే స్పెల్లింగు తప్పు రాశారు! ఆపే బ్రేక్ బదులు విరిగే బ్రేక్. తెలుగులో రాస్తే రెండూ ఒకటే కాబట్టి మనకి ఆ బాధ లేదు :-) 2013 డిసెంబరు 31న ఫెడరల్ జడ్జి విలియం స్క్రెట్నీ ఆ మాటకి అర్థం తెలియడం లేదని ఆ ముక్క కొట్టేశారు. 2015లో అప్పీలు కోర్టు, తప్పు స్పెల్లింగైనా భావం తెలుస్తూనే ఉందని ఆ తీర్పుని తిప్పేసింది. కంపైలరు దగ్గర ఈ దయ ఉంటే ఎంత బావుండేదో.

నవ్వుకోవడానికి బానే ఉంది కానీ, ఈ మర కొలతలూ వాషర్లూ చదివే మనవాడు చదవాల్సిన అసలు పేజీ వేరే ఉంది. ఫెడరల్ చట్టం ప్రకారం వలసేతర వీసా మీద అమెరికాలోకి వచ్చినవాళ్లు, అంటే హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 బాపతు అందరూ, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. కొనడమే కాదు, రేంజిలో అద్దెకి తీసుకోవడం కూడా అందులోకే వస్తుంది. మినహాయింపుల్లో మనవాళ్లు వాడుకునేది ఒకటే, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. అది లేకుండా పట్టుబడితే 2022లో చేసిన సవరణ తర్వాత శిక్ష 15 ఏళ్ల దాకా ఉండొచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవాడికి ఈ నిషేధం లేదు గానీ, తుపాకీ నేరం రుజువైతే వాణ్ణీ దేశం నుంచి పంపించేయొచ్చు. రేంజి ఫోటో ఫేస్‌బుక్కులో పెడుతున్నామంటే సాక్ష్యం మన చేత్తో మనమే అప్‌లోడ్ చేస్తున్నామన్నమాట.

ఇంకో మాట. సెలవులకి వస్తూ బావమరిదికి గిఫ్టుగా ఇలాంటి ముక్క సూట్‌కేసులో పడేసుకుని శంషాబాదులో దిగకండి మహాప్రభో. మన 1959 ఆయుధాల చట్టంలో ఆయుధం అంటే దాని భాగాలు కూడా. చప్పుడునో మంటనో తగ్గించే తగిలింపు అయితే అది తుపాకీ కిందే లెక్క. ఇనప ముక్కే కదా అంటే కుదరదు.

ఆత్మరక్షణ కోసం అనేవాళ్లున్నారు. 2017లో కాన్సస్‌లోని ఒలేథేలో మన తెలుగు ఇంజనీరుని కాల్చి చంపాక ఆ భయం ఇంకా పెరిగింది, ఆ భయాన్ని నేను వెక్కిరించను. కానీ 2024 నవంబరులో అమెరికాలో చదువుకుంటున్న మన హైదరాబాదు కుర్రాడొకడు సొంత తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి పోయాడు. ఇంట్లోకి తుపాకీ వస్తే దాంతోపాటు ఆ ప్రమాదమూ ఇంట్లోకి వస్తుంది. దాన్ని తగ్గించే బ్రేక్ ఏ షాపులోనూ అమ్మరు. తాళం వేసిన పెట్టె, సరైన శిక్షణ, ఇంట్లోవాళ్ల ఒప్పుదల. ఇవి కొన్నాక మిగిలిన డబ్బుంటే అప్పుడు తన్ను గురించి ఆలోచించుకోవచ్చు.

నాకింత పట్టుదల ఎందుకంటే మాది జూలూరుపాడు. మా వైపు తుపాకీ అంటే హాబీ కాదు. కూంబింగుకొచ్చిన పోలీసు భుజాన వేలాడే ఎస్సెల్లార్, లేదా అడవిలో ఉన్న అన్నల దగ్గరిది. అది ఎవరి చేతిలో ఉన్నా మా పెద్దవాళ్లు తల దించుకుని తలుపేసుకునేవాళ్లు. 2022 నవంబరులో పక్కనున్న చండ్రుగొండ మండలంలో ఫారెస్టు రేంజి ఆఫీసరు చలమల శ్రీనివాసరావుని పోడు గొడవలో చంపేశారు. అప్పుడు అటవీ సిబ్బంది మాకూ తుపాకులివ్వండని అడిగారు. వాళ్ల బాధ న్యాయమైనదే. అయినా మా ఊళ్లో పెద్దాయన ఒకాయన అన్నమాట నాకు గుర్తుండిపోయింది. "అయ్యా, తుపాకీ వచ్చాక మాటలు తక్కువైతయ్" అని.

అమెరికాలో చట్టప్రకారం తుపాకీ పెట్టుకుని, జాగ్రత్తగా వాడుకుని, పక్కవాడి చెవులు కూడా చూసుకునేవాళ్లతో నాకే పేచీ లేదు. వాళ్లకి బ్రేక్ కావాలంటే నిక్షేపంగా పెట్టుకోవచ్చు. మిగతావాళ్లకి ఒకటే విన్నపం. మర కొలత చూసే ముందు పాస్‌పోర్టులో ముద్ర చూసుకోండి, మీ మీద ఆధారపడ్డ అమ్మానాన్నల్ని, పెళ్లాం బిడ్డల్ని తలుచుకోండి. మీరేమంటారు?