లయ నగ కాదు, పునాది

2021లో సంగీత విభాగంలో పులిట్జర్ బహుమతి తానియా లియోన్‌కు దక్కింది. హవానాలో పుట్టిన ఈ స్వరకర్తకు అప్పటికి 78 ఏళ్లు. బహుమతి తెచ్చిన ‘స్ట్రైడ్’ సుమారు పావుగంట సాగే ఆర్కెస్ట్రా రచన. అమెరికా, కరీబియన్ నల్లజాతీయుల సంగీత సంప్రదాయాలను పాశ్చాత్య ఆర్కెస్ట్రా అల్లికలో ఇమిడ్చిందని పులిట్జర్ ప్రశంస. అందులోనే ఒక చిక్కు ఉంది. ఇల్లు యూరప్‌దీ, ఆఫ్రికా లయ అతిథీ అన్నట్టు వినిపిస్తుంది.

క్యూబా చరిత్ర ఇందుకు ఒప్పుకోదు. గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో అక్కడ ఆఫ్రికన్ మూలాల ఊరేగింపులపై, డోళ్లపై అధికారులు తరచూ ఆంక్షలు పెట్టేవారు. అలాంటి వాతావరణంలోనే 1930లో అమాదియో రోల్డాన్ ‘రిత్మికాస్’ వరుసలో చివరి రెండు రచనలను కేవలం తాళవాద్యాల కోసం రాశాడు. పాశ్చాత్య కచేరీ సంగీతంలో ఆ తరహా తొలి రచనల్లో అవీ ఉన్నాయి. పేరు మాత్రం 1931లో పూర్తయిన వరేజ్ ‘అయొనిజేషన్’కే ఎక్కువగా వచ్చింది.

క్యూబా లయకు ఆధారం క్లావే. రెండు చిన్న కర్రలతో వేసే అయిదు దెబ్బలు. ఒక వైపు మూడు, మరో వైపు రెండు. మన తాళంలాగే గాయకుడూ వాద్యగాళ్లూ అందరూ దానికి కట్టుబడాలి. యూరప్ స్వరసమ్మేళనానికి నాలుగు డోళ్లు తగిలిస్తే అది అలంకారమే అవుతుంది. లియోన్ చేసింది వేరు. ఒకదానిపై ఒకటి నడిచే లయలను వయొలిన్లకు, ఇత్తడి వాద్యాలకు పంచి ఆర్కెస్ట్రానే డోలులా ఆలోచింపజేసింది.

1967లో అమెరికా చేరిన ఆమె, 1969లో మొదలైన డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్‌కు తొలి సంగీత దర్శకురాలు. ‘నల్లజాతి స్వరకర్త’, ‘మహిళా స్వరకర్త’ వంటి ముద్రలను ఆమె ఏనాడూ ఇష్టపడలేదు. కారణం ఊహించవచ్చు. ముద్ర ప్రత్యేక సందర్భాల్లో తలుపు తీస్తుంది, మిగతా రోజుల్లో మూసేస్తుంది. ‘స్ట్రైడ్’ కూడా సందర్భం కోసం పుట్టిందే. అమెరికా మహిళల ఓటుహక్కు శతాబ్ది సందర్భంగా న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ 19 మంది మహిళలతో రాయించిన రచనల్లో ఇదొకటి. అయితే దక్షిణాది రాష్ట్రాల్లో చాలామంది నల్లజాతి మహిళలకు ఆ హక్కు చేతికందింది 1965 చట్టం తర్వాతే.

కాబట్టి బహుమతి ఒక్కటే కొలమానం కాదు. ఏ వార్షికోత్సవమూ లేని మామూలు సాయంత్రం, బీథోవెన్ పక్కన ఈ సంగీతం వినిపిస్తుందా? అప్పుడే దీన్ని సమాన కలయిక అనగలం.