పాత గిటార్‌... కొత్త తీగలు

చవగ్గా దొరికిందని కుర్రాడు పాత ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చుకుంటాడు. వారం తిరక్కుండానే వేళ్లు మంటలు. నెలకల్లా గిటార్ అటకెక్కుతుంది. ‘వీడికి సంగీతం అబ్బదు’ అని ఇంట్లో తీర్పు! చాలాసార్లు లోపం వాడిలో కాదు, వాయిద్యంలో ఉంటుంది.

కొనేముందే గిటార్ మెడను కంటికి ఎదురుగా పెట్టి నిలువునా చూడాలి. మెలి తిరిగి ఉంటే ఎంత చవకైనా వద్దు. కొద్దిపాటి వంపయితే లోపలుండే కడ్డీని సర్ది బాగుచేస్తారు. తర్వాత ఒక్కో తీగనూ మామూలుగా మీటి, 12వ మెట్టు దగ్గర నొక్కి మళ్లీ మీటాలి. అదే స్వరం పైస్థాయిలో పలకాలి. వైరు గుచ్చేచోట గరగరమంటే భయపడక్కర్లేదు, అది చిన్న రిపేరే.

తుప్పు పట్టిన తీగల్ని మాత్రం తీసేయాల్సిందే. మొదటి తీగ 0.009 అంగుళాల మందం ఉండే సన్నరకం సెట్టు కొత్తవాళ్లకు హాయి. మెట్లకు, తీగలకు మధ్య ఎత్తు తగ్గించమని రిపేరు చేసేవారికి చెబితే వేళ్లకు సగం కష్టం తప్పుతుంది.

ఇక సాధన. ఆదివారం మూడు గంటలు కూర్చునేకంటే రోజూ పావుగంట మేలు. ఆరు తీగల్నీ శ్రుతి చేశాకే మొదలుపెట్టాలి. రాత్రిపూటయితే ఆంప్లిఫయర్ అక్కర్లేదు. వాయించేవాళ్లకు వినబడుతుంది, పక్కింటివాళ్లకు నిద్రా పడుతుంది!